యాభై దాటినా బోర్డు దిగకూడదంటే

2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ స్కేట్‌బోర్డ్ జట్టులో ఆండీ మెక్‌డొనాల్డ్‌కు 51 ఏళ్లు, స్కై బ్రౌన్‌కు 16. ఇన్నేళ్ల తేడాతో ఇద్దరు ఒకే జట్టులో ఆడే క్రీడలు అరుదు. దెబ్బలు కూడా వయసు చూడవు. స్కై 2020లో సాధన చేస్తూ ర్యాంపు మీంచి పడితే పుర్రె చిట్లింది, ఎడమ చెయ్యి విరిగింది. తలకు హెల్మెట్ ఉండబట్టే బతికానని ఆ పిల్లే చెప్పింది. మరుసటి ఏడాది టోక్యోలో కాంస్యం గెలిచింది.

చేయవలసినవి

హెల్మెట్ పెట్టుకోమని అందరూ చెబుతారు, ఏది కొనాలో చెప్పరు. మామూలు సైకిల్ హెల్మెట్‌లోని నురుగు ఒక్క గట్టి దెబ్బకే నలిగిపోతుంది. స్కేటింగ్‌లో పడటం రోజూ ఉండేదే కనుక ఏఎస్‌టీఎం ఎఫ్ 1492 అనే ప్రమాణం రాసి ఉన్నది వెతకండి. ముందు అంచు కనుబొమలకు రెండు వేళ్ల పైన ఉండాలి. గడ్డం కింద పట్టీ వదులుగా వేలాడుతుంటే అది పెట్టుకోనట్టే. పగులు కనిపిస్తే మాత్రం పారేయండి, ఖరీదైనదని దాచుకోవద్దు.

ఆ తర్వాత పడటం నేర్చుకోండి. ట్రిక్కుల కన్నా ముందు నేర్వాల్సిన విద్య ఇది. పడేటప్పుడు చేతులు చాచి నేలకు ఆనించడం మనిషికి అలవాటు, మణికట్టు విరిగేది అక్కడే. మోకాళ్లు వంచి కిందికి కుంగి, గడ్డాన్ని ఛాతీకి దగ్గరగా పెట్టి భుజం మీదుగా దొర్లాలి. బోర్డు లేకుండా గడ్డి మీద సాధన చేస్తే ఒళ్లు దానంతటదే నేర్చుకుంటుంది. ర్యాంపుల మీదైతే మోకాలి ప్యాడ్ల మీద జారుతూ కిందికి రావాలి. ఆరితేరినవాళ్లూ అలాగే వస్తారు. స్కేట్‌బోర్డింగ్‌లో అంతటి దిగ్గజం టోనీ హాక్ కూడా 2022లో, 53 ఏళ్ల వయసులో, తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. మనమెంత?

వెనక కాలిని మెల్లగా నేలకు రాస్తూ ఆగడం వచ్చేదాకా వాలు దారి జోలికి పోవద్దు. బయల్దేరే ముందు చక్రాల నట్లు, చెక్కలో పగుళ్లు చూసుకోండి. బూట్ల అడుగు చదునుగా ఉండాలి.

చేయకూడనివి

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పిల్లలకు మొదట కంటపడే ర్యాంపు సెల్లార్‌దే. నున్నగా, వాలుగా ఊరిస్తుంది. కింద మలుపు తిరిగే కారు డ్రైవర్‌కు మాత్రం ఆ పిల్లవాడు కనిపించడు. అక్కడ వద్దంటే వద్దు.

మన రోడ్ల మీద ఇసుక, గులకరాళ్లు మామూలే. చిన్న గట్టి చక్రానికి ఒక్క రాయి అడ్డుపడితే చాలు, బోర్డు ఆగిపోతుంది, మనిషి ముందుకెళ్లి పడతాడు. పార్కు బయట తిరగాలంటే పెద్ద, మెత్తని చక్రాలు వేయించుకోండి. వాన పడిన నేల మీద చక్రాలు జారుతాయి, బేరింగులు తుప్పు పడతాయి. కదిలే బండిని పట్టుకుని వెళ్లకండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. స్కేట్ పార్కులో ఒకరు తిరుగుతుండగా వాళ్ల దారిలోకి దూకకండి.

తలకు దెబ్బ తగిలిన రోజు మళ్లీ బోర్డు ఎక్కకండి. వాంతి, తగ్గని తలనొప్పి, అయోమయం, మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రేపు చూద్దామనుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది. అయిదేళ్లలోపు పిల్లలకు ఈ ఆట వద్దని, పదేళ్లు వచ్చేదాకా పెద్దవాళ్లు పక్కనే ఉండాలని అమెరికా పిల్లల వైద్యులు చెబుతారు.

డాలస్‌లో, బే ఏరియాలో పిల్లవాణ్ని పార్కుకు తీసుకెళ్లి, ‘ఏదీ ఓసారి నన్ను ఎక్కనీ’ అనే తెలుగు నాన్నలకూ ఒక మాట. నలభై దాటిన ఎముక అంత త్వరగా అతకదు. బోర్డు ఒకటే కొన్నా, హెల్మెట్లు మాత్రం రెండు కొనండి.