వుజూ నీరు, తాగునీరు

వానలు పడి కుంటాల, పొచ్చెర జలపాతాలు నిండగానే నిర్మల్ నుంచి మన యువకులు గుంపులుగా బయలుదేరుతారు. మధ్యాహ్నానికి సీసాల్లో నీళ్ళు అయిపోతాయి. జుహ్ర్ వేళకు వాగులో వుజూ చేసుకుంటారు, అదే దోసిలితో నాలుగు గుక్కలు తాగేస్తారు. ఎవరైనా వద్దంటే, “వుజూకు పనికివచ్చిన నీరు తాగడానికి ఎందుకు పనికిరాదు?” అని అడుగుతారు.

ఈ రెండూ వేర్వేరు విషయాలు. పారే నీటిలో అశుద్ధం (నజాసత్) పడినా, దాని మూలంగా రంగు, రుచి, వాసనలలో ఏదీ మారనంత వరకు ఆ నీరు పరిశుద్ధమేనని ధర్మపండితులు చెబుతారు. ఇది ఆరాధన కొరకు దాసులకు లభించిన సౌలభ్యం. కాని కలరా, టైఫాయిడ్, కామెర్ల క్రిములు నీటి రంగునూ మార్చవు, రుచినీ మార్చవు. ఎగువన పశువులు దిగాయో, ఎవరు బహిర్భూమికి కూర్చున్నారో దిగువన ఉన్నవారికి తెలియదు. నిలిచిన నీటిలో మూత్ర విసర్జన చేయరాదని దైవప్రవక్త (సఅసం) వారించారు. ఆ వారింపును ఎగువవారు పాటించారని మనం ఎలా అనుకోగలం? కనుక వాగులో వుజూ చేయండి, పుక్కిలించిన నీటిని మాత్రం మింగకండి.

మన అడవి పల్లెల్లో వాగు ఇసుకలో చెలిమ తోడి నీళ్ళు ముంచుకోవడం పాత అలవాటు. ఇసుకలో ఊరిన నీరు తేటగా ఉంటుంది. ఎంత తేటగా ఉన్నా క్రిములు పోయాయని అర్థం కాదు. వాగు నీటికంటే చెలిమ నీరు మేలు, అంతే. దాన్ని కూడా కాచవలసిందే.

ముందు నీటిని వడకట్టండి. పాత నూలు చీరను ఎనిమిది పొరలు వచ్చేలా మడవండి. బంగ్లాదేశ్ పల్లెల్లో ఇలా వడకట్టించి చూడగా కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో పరిశోధకులు ప్రకటించారు. మిగతా సగం మాట ఏమిటి? అందుకే వడకట్టిన తర్వాత పొయ్యి మీద పెట్టాలి. అంచున చిన్న బుడగలు రాగానే దించకండి. నీరంతా తెర్లిన తర్వాత ఒక నిమిషం ఆగి దించి, మూతపెట్టి చల్లారనివ్వండి. పాత్రలపై మూతలు ఉంచమని, నీటి తిత్తుల మూతి కట్టమని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఇక్కడ గుర్తుకు రావాలి.

పుల్లలు తడిసి నిప్పు రాజకపోతే క్లోరిన్ మాత్రలే దిక్కు. పొట్లంపై రాసిన కొలత ప్రకారం వేసి, కనీసం అరగంట ఆగి తాగాలి. బురద నీటిలో వేస్తే మాత్ర బలం బురదకే సరిపోతుంది, ముందు వడకట్టాలి. ఆ వాసన వల్ల వుజూ చెల్లదేమోనని కొందరి శంక. నల్లా నీటిలోనూ క్లోరిన్ ఉంటుంది కదా! తేట నీటిని ప్లాస్టిక్ సీసాలో నింపి ఆరు గంటలు మండే ఎండలో ఉంచడం మరో పద్ధతి. వానాకాలం మబ్బుల్లో దాన్ని నమ్ముకోలేం.

ఒక హెచ్చరిక. పత్తి చేల పక్కనుంచి వచ్చే కాలువ నీటిని ఎంత కాచినా పురుగుమందు పోదు. దాన్ని వదిలేయండి. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు భారీ వరద వచ్చినప్పుడు దిగువ గ్రామాల ప్రజలు ఇళ్ళు విడిచి వెళ్ళవలసి వచ్చింది. అలాంటి వేళ వరద నీరు చేరిన బావిని శుద్ధి చేయించనిదే దాని నీళ్ళు తాగకూడదు.

ఇక ఎండాకాలం సంగతి. కవ్వాల్ అడవి దారిలో వాగులన్నీ ఎండిపోయాయి, సీసాలో కొద్ది నీళ్ళే ఉన్నాయి, నమాజు వేళ అయ్యింది. ఆ నీటితో వుజూ చేస్తే దాహానికి నీరు ఉండదనే భయం ఉంటే తయమ్ముమ్ చేయాలి. నీళ్ళు దాచుకున్నందుకు పాపం లేదు. తోటి ప్రయాణికుని దాహం, వెంట ఉన్న పశువు దాహం కూడా ఇందులోకే వస్తాయని ధర్మపండితులు చెప్పారు. ఆ నమాజును తర్వాత నీళ్ళు దొరికాక తిరిగి చేయనవసరం లేదు.