బడిలో సేద్యపు పాఠము: నిధులు, వనరులు, రైతు బాధ్యత

పల్లెలోని బడి పిల్లవాడు కిరణజన్య సంయోగక్రియను గూర్చి చదివి పరీక్షలో చక్కగా వ్రాయగలడు. కాని తన తండ్రి నారుమడికి తెచ్చిన వడ్లలో నూటికి ఎన్ని మొలకెత్తునో తేల్చి చెప్పుమన్న చెప్పలేడు. ఆ లెక్క తేల్చుటకు ఒక గోనెపట్టా ముక్క, నూరు గింజలు, కొద్దిగా నీరు ఉన్న చాలును. పిల్లవానికి తెలివి లేక కాదు. బడిలో ఆ పని చేయించు ఏర్పాటు లేకపోవుటయే లోపము.

ఈ మాట చెప్పినచో చాలమంది రైతులు, “అది పంతుళ్ల పని, సర్కారు డబ్బు ఇయ్యవలె, మేమేమి చేయగలము?” అని అందురు. డబ్బు కొంత ఉన్నది. అది ఎచ్చట ఉన్నదో, దానిని అడుగు హక్కు ఎవరికి ఉన్నదో తెలియక ఊరకుండుచున్నాము. డబ్బుతో కొనరానివి కూడ కొన్ని కావలెను. అవి రైతుల యొద్దనే ఉన్నవి. ఈ రెండు సంగతులు ఇందు వివరింపబడినవి.

పూర్వానుభవము

బడిలో సేద్యము నేర్పవలెనను ఆలోచన కొత్తది కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన విద్యా సమావేశము జరిగెను. చేతిపని ద్వారానే చదువు చెప్పవలెనని అందు నిశ్చయించిరి. జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ ఆ పద్ధతికి ప్రణాళిక వ్రాసెను. నూలు వడుకుట, సేద్యము మొదలగు పనులు అందు చేరినవి. పిల్లలు చేసిన వస్తువుల రాబడితో బడి ఖర్చు కొంతవరకైన గడువవలెనను ఉద్దేశము కూడ ఉండెను. బడి రాబడిని చూచుకొన్నచో పిల్లలు కూలీలగుదురని అప్పుడే కొందరు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణ నేటికిని మరువరానిది. బడి తోటలో పండవలసినది ముందు చదువు, పిమ్మటనే కూరగాయలు.

డబ్బు విషయములో అమెరికా అనుభవము గమనింపదగినది. అచ్చట 1917లో స్మిత్–హ్యూస్ చట్టము చేసిరి. బళ్లలో సేద్యము చెప్పు ఉపాధ్యాయుల జీతములకు కేంద్ర ప్రభుత్వము సొమ్ము ఇచ్చెను. అంత సొమ్మును రాష్ట్రము గాని, స్థానికులు గాని కలుపవలెను. బడికి కావలసిన వసతి, పనిముట్లు స్థానికముగానే సమకూర్చుకొనవలెను. అంతేకాక, ప్రతి విద్యార్థి ఏడాదిలో ఆరు నెలలకు తక్కువ కాకుండ బడి పొలములో గాని, మరియొక పొలములో గాని పర్యవేక్షణ క్రింద పని నేర్వవలెనని షరతు పెట్టిరి. సర్కారు సొమ్ముకు ఊరి పూనిక తోడు కావలెనని ఆ చట్టము చేసినవారు మొదటనే గుర్తించిరి.

మన బళ్లకు నిధులు ఎచ్చట నుండి వచ్చును?

మన ప్రభుత్వ పాఠశాలలకు ముఖ్యముగా మూడు మార్గములు కలవు.

1. పాఠశాల సమగ్ర గ్రాంటు: 2018లో మొదలైన సమగ్ర శిక్ష పథకము క్రింద పిల్లల సంఖ్యను బట్టి బడికి ఏటేట ఇచ్చునట్టిది. ఆ పథకపు మార్గదర్శకముల ప్రకారము 30 మంది లోపు ఉన్న బడికి 10,000 రూపాయలు, 100 మంది వరకు 25,000, 250 మంది వరకు 50,000, 1,000 మంది వరకు 75,000, ఆపైన లక్ష రూపాయలు. ఇందులో పదవ వంతు పరిశుభ్రతకు వినియోగింపవలెను. మిగిలినది మరమ్మతులకు, బోధన సామగ్రికి, చిల్లర ఖర్చులకు పోవును. కావున దీనినుండి పెద్ద మొత్తము ఆశింపరాదు. ఒక పార, రెండు బొరిగెలు, ఒక కొలపాత్ర వంటివి అడుగవచ్చును.

2. యువజన, పర్యావరణ సంఘముల గ్రాంటు: ఇదియు సమగ్ర శిక్షలోనిదే. ప్రాథమిక పాఠశాలకు 5,000 రూపాయల వరకు, ప్రాథమికోన్నత పాఠశాలకు 15,000 వరకు, ఉన్నత పాఠశాలకు 25,000 వరకు ఇచ్చుటకు వీలున్నది. మొక్కలు, ఎరువు గుంట, వాననీటి ఏర్పాటు మొదలగు పనులకు ఇది చక్కగా సరిపోవును.

3. పోషకాహార తోటల సొమ్ము: మధ్యాహ్న భోజన పథకము క్రింద బళ్లలో కూరగాయల తోటలు వేయుటకు కేంద్ర ప్రభుత్వము 2019 అక్టోబరులో మార్గదర్శకములు వెలువరించినది. తోట ఒక్కింటికి 5,000 రూపాయలు లెక్క కట్టిరి. స్థలము లేని బళ్లు కుండీలలో, పాత డబ్బాలలో, సంచులలో పెంచవచ్చునని కూడ వానిలో చెప్పిరి. ఆ పథకము 2021లో పిఎం పోషణ్ అను పేరు పొందినది.

ఈ మొత్తములు హద్దులే గాని హామీలు కావు. మంజూరు ఏ యేటికి ఆ యేడు మారును. కావున మీ బడికి ఈ సంవత్సరము ఏమి వచ్చినదో ప్రధానోపాధ్యాయుని మర్యాదగా అడిగి తెలిసికొనవలెను.

అడుగు హక్కు ఎవరిది?

2009 నాటి విద్యాహక్కు చట్టము 21వ సెక్షను ప్రకారము ప్రభుత్వ పాఠశాలలలో యాజమాన్య కమిటీ ఉండవలెను. అందు నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులు. సభ్యులలో సగము మంది స్త్రీలు. గ్రాంటుల ఖర్చును పరిశీలించుట వారి విధి. 22వ సెక్షను ప్రకారము పాఠశాల అభివృద్ధి ప్రణాళికను తయారు చేయువారు కూడ వారే. ఆ ప్రణాళికను బట్టియే ప్రభుత్వము నిధులు ఆలోచించును.

చాల చోట్ల రైతు తల్లిదండ్రులు కమిటీలో పేరుకు మాత్రమే ఉందురు. కాగితము ఇంటికి వచ్చిన సంతకము చేసి పంపుదురు. ప్రణాళికలో గోడకు రంగు ఉండును గాని, విత్తనము ఉండదు. జనవరి నెలలోనే కమిటీ కూర్చుండి, రానున్న సంవత్సరమునకు బడి తోటకు ఏమి కావలెనో వ్రాయించిన యెడల జూన్ నాటికి పని సులభమగును. వ్రాయనిది మంజూరు కాదు.

కాసు ఖర్చు లేని వనరులు

కృషి విజ్ఞాన కేంద్రములోని శాస్త్రజ్ఞులను, ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రపు సిబ్బందిని, తెలంగాణలో వ్యవసాయ విస్తరణాధికారిని బడికి ఒక పూట రమ్మని పిలువవచ్చును. ఇటీవలి సంవత్సరములలో కేంద్ర వ్యవసాయ శాఖ, పాఠశాల విద్యా శాఖ కలిసి బళ్లలో మట్టి పరీక్షలు నేర్పు కార్యక్రమమును చేపట్టినవి. మొదట 20 బళ్లతో ప్రారంభించి, పిమ్మట వేయికి పైగా బళ్లకు విస్తరించినవి.

2020 నాటి జాతీయ విద్యావిధానము 6 నుండి 8 తరగతుల పిల్లలకు పుస్తకముల సంచి లేని పది దినములను సూచించినది. ఆ దినములలో వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటి పనివారి యొద్ద పిల్లలు పని చూచి నేర్వవలెను. తోటమాలి గురువు కాగా లేనిది రైతు ఏల కారాదు? ఆ పదింటిలో రెండు దినములు మీ పొలములో గడపుటకు ఏర్పాటు చేయుడు.

ఖర్చు తక్కువ, ఫలము ఎక్కువ: నాలుగు పాఠములు

మొలక పరీక్ష: లెక్క పెట్టి నూరు గింజలను తడి గోనెపట్టాలో వరుసగా పేర్చి, చుట్టి, నీడలో ఉంచి, తడి ఆరకుండ చూడవలెను. మొక్కజొన్నకు 7వ రోజున, వేరుసెనగకు 10వ రోజున, వరికి 14వ రోజున తుది లెక్క తీయవలెను. ధ్రువీకరణ విత్తనమునకు వరిలో 80, మొక్కజొన్నలో 90, వేరుసెనగలో 70 శాతము కనీసము మొలక ఉండవలెను. ఎకరమునకు 25 కిలోలు వేయు వరి విత్తనములో 80కి బదులు 60 మాత్రమే మొలచినచో ఎన్ని కిలోలు కావలెను? దాదాపు 33. త్రైరాశికము ఇట్లు నేర్చినవాడు మరువడు. కొత్తగా నూర్చిన వడ్లకు నిద్రావస్థ ఉండవచ్చును గనుక వానితో పరీక్ష చేయరాదు. మందు పట్టించిన రంగు విత్తనములను పిల్లల చేతికి ఎన్నడును ఇయ్యరాదు.

సీసాలో మట్టి: గాజు సీసాలో మూడవ వంతు మట్టి పోసి, నీరు నింపి, బాగుగా కుదిపి కదలకుండ ఉంచవలెను. ఇసుక నిమిషములో అడుగు చేరును. ఒండ్రు కొన్ని గంటలలోను, బంకమట్టి ఒకటి రెండు దినములలోను పేరుకొనును. నల్లరేగడి, చెల్క మట్టి సీసాలు రెండును ప్రక్క ప్రక్కన పెట్టి చూపిన, ఏ నేల నీరు నిలుపునో, ఏది త్వరగా ఆరునో పిల్లలే చెప్పుదురు.

వాన లెక్క: అడుగు నుండి అంచు వరకు ఒకే వెడల్పు గల డబ్బాను ఆరుబయట పెట్టి, ప్రతి ఉదయము కొలబద్దతో నీటి లోతు కొలిచి గోడమీద వ్రాయవలెను. ఒక మిల్లీమీటరు వాన అనగా ఎకరమునకు దాదాపు 4,047 లీటర్ల నీరు. 100 చదరపు మీటర్ల బడి కప్పుపై 10 మి.మీ. వాన పడిన 1,000 లీటర్లు జారిపోవును.

ఎరువు లెక్క: యూరియాలో 46 శాతము నత్రజని. 45 కిలోల బస్తాలో 20.7 కిలోలు ఉండును. ఎకరమునకు 40 కిలోల నత్రజని వేయవలెనన్న 87 కిలోల యూరియా, అనగా రెండు బస్తాలకు కొంచెము తక్కువ. ఇంటిలోని భూసార పరీక్షా పత్రమును పిల్లవాడు బడికి తెచ్చి ఈ లెక్క చేసిన యెడల ఆ పత్రము పెట్టె అడుగున మూలుగదు.

తోట ఎండిపోకుండ ఉండుటకు

ఆగస్టు 15న మొక్క నాటి ఫోటో తీయించుకొనిన తోటలు మే నెల నాటికి ఎండుపుల్లలై ఉండుట మనము చూచినదే. సెలవులలో నీరు పోయువారు లేకపోవుటయే దీనికి ముఖ్య కారణము. కావున తోటను బడి క్యాలెండరుకు తగినట్లు వేయవలెను. ఒక సెంటు స్థలము చాలును.

జూన్‌లో బడి తెరువగానే మట్టి నమూనా తీసి, ఎరువు గుంట త్రవ్వవలెను. జూలైలో తోటకూర, బెండ, గోరుచిక్కుడు విత్తవలెను. తోటకూర నెల దినములలో కోతకు వచ్చును. బెండ నెలన్నర దాటగానే కాపు పట్టును. దసరా సెలవుల పిమ్మట వంగ, టమాటా, పాలకూర, మెంతి, కొత్తిమీర వేయవలెను. మార్చి నాటికి కోతలు ముగించి, విత్తనము దాచి, జమాఖర్చు గోడపై వ్రాయవలెను. వేసవికి మునగ, కరివేపాకు వంటి చెట్లు మాత్రమే మిగులవలెను. వానికి నీరు పోయు భారము కమిటీలో ఒక సభ్యునికి పేరు పెట్టి ఒప్పగింపవలెను. “అందరు చూచుకొందుము” అన్న పనిని ఎవరును చూడరు. భోజనము తరువాత చేతులు, పళ్లెములు కడిగిన నీటిని కాలువ తీసి తోటకు మళ్లించిన యెడల బడి నడచు దినములలో నీటి కొరత చాలవరకు తీరును.

చేయకూడనివి

పిల్లలను ఉపాధ్యాయుని పొలమునకు గాని, మరియొకరి పొలమునకు గాని పనికి పంపరాదు. పాఠముల వేళను తోటపనికి పొడిగింపరాదు. పురుగుమందు డబ్బాను పిల్లలు తాకరాదు. పురుగులను చేతితో ఏరుట, చూచి గుర్తించుట నేర్పిన చాలును. పేడ ఎత్తుట ఒకరికి, పూలు కోయుట ఒకరికి అని పంచరాదు. కులము, ఆడ, మగ భేదము లేకుండ వంతుల వారీగా అన్ని పనులు అందరు చేయవలెను. తప్పు చేసినవానికి శిక్షగా తోటపని చెప్పుట అన్నింటికంటె చెడ్డది. శిక్షగా నేర్చిన సేద్యమును ఏ పిల్లవాడును గౌరవింపడు.

రైతు సోదరులు, తల్లులు చేయవలసినది

ఈ సంవత్సరము నాలుగు పనులు చేయుడు. కమిటీ సమావేశమునకు స్వయముగా వెళ్లి, వచ్చిన గ్రాంటు ఎంతో అడిగి వినుడు. ప్రణాళికలో బడి తోటను వ్రాయించుడు. రెండు బండ్ల పశువుల ఎరువు, కంచెకు కంప, మీ ఇంటి విత్తనము గుప్పెడు బడికి ఇయ్యుడు. ఏడాదికి రెండు పూటలు పిల్లల ఎదుట నిలువబడి, మీకు తెలిసిన పని చేసి చూపుడు.

పిల్లలందరు రైతులు కావలెనని మన కోరిక కాదు. పదవ తరగతి పిమ్మట వ్యవసాయ పాలిటెక్నిక్‌కు పోవువారు పోవుదురు, పట్నమునకు పోవువారు పోవుదురు. ఎచ్చటికి పోయినను, అన్నము ఎట్లు పండునో కొలిచి, లెక్క వేసి తెలిసినవారై పోవలెను. పొలములో ఉండిపోవువాడు చదువు రానందున ఉండిపోయినవాడని అనిపించుకొనక, చదివిన దానిని మడిలో వాడుకొనువాడై ఉండవలెను. అందుకు ఒక సెంటు నేల, నూరు గింజలు, కమిటీలో మీ నోటి మాట ఒకటి కావలెను. మొదటి రెండు దొరకుట కష్టము కాదు. మూడవది మీరే ఇయ్యవలెను.