నడివయసు దాటిన కండరం

ఈ సావనీరుకు శాస్త్ర సంబంధమైన వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు వానపాముల మీద రాద్దామనుకున్నాను. వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి కనుక వానపాములంటే నాకు చిన్నప్పటి స్నేహం. కాని పోయిన ఏడాది మా ఇంట్లో జరిగిన ఒక సంగతి నన్ను వదలడం లేదు. అందులో తప్పు కొంత నాది కూడా. కనుక వానపాములను పక్కనపెట్టి మనిషి కండరం గురించి రాస్తున్నాను.

మా నాయిన వయసు 61. షాద్‌నగర్ అవతల మా పల్లె. నలభై ఏళ్లు నాగలి పట్టిన మనిషి. ఎడ్లు అమ్మి ట్రాక్టరు కిరాయికి పెట్టడం మొదలైన తర్వాత పని కొంత తగ్గింది. వానాకాలం చివర విషజ్వరం వచ్చి మూడు వారాలు మంచం మీదనే ఉన్నాడు. జ్వరం తగ్గింది. అప్పుడు నేను సెలవులకు వెళ్లి, పెద్ద చదువు చదువుతున్నవాడిలాగా తీర్పు చెప్పాను: "చేసిన కాడికి చాలు నాయినా, ఇగ పొలం దిక్కు పోకు, కూసొని తిను." అమ్మ కూడా అదే మాటంది. అందరం ప్రేమతోనే అన్నాం. నాయిన నాలుగు నెలలు కూర్చున్నాడు.

మాఘమాసంలో మా అక్క కొడుకు పుట్టువెంట్రుకలు. పంక్తిలో కింద కూర్చొని భోంచేశాడు. విస్తళ్లు తీసేవేళకు అందరూ లేచారు, నాయిన లేవలేకపోయాడు. చేతులు నేలకు ఆనించి రెండుసార్లు ప్రయత్నించాడు. చివరకు మా బావ చంకల కింద చేతులు వేసి లేపాడు. అల్లుడి చేత లేపించుకోవడం అంటే పల్లెలో ఏమిటో తెలిసినవారికి చెప్పనక్కరలేదు. ఆ రోజు సాయంత్రం దాకా నాయిన ఎవరితోనూ మాట్లాడలేదు.

రెండు రోజుల తర్వాత ఆయన్ని హైదరాబాదు తీసుకొచ్చాను. పాతబస్తీలో, బహదూర్‌పురా దాటిన తర్వాత కిషన్‌బాగ్‌లో మా మేనమామ కిరాయికి ఉంటాడు. నేను చదువుకునేది కూడా ఆ ఇంట్లోనే. మూడో అంతస్తు, 54 మెట్లు. డాక్టరు చూసి, రక్తపరీక్షలు చేయించి, షుగరు కొంచెం ఎక్కువుందని, గుండెకు, కీళ్లకు చెడేమీ లేదని చెప్పాడు. "మరి లేవలేకపోవడం?" అంటే "బలం పోయింది, తెచ్చుకోవాలి" అన్నాడు. ఆ "తెచ్చుకోవాలి" అన్న మాట పట్టుకొని నేను లైబ్రరీలో పడ్డాను.

మొదట చదివింది నన్నే కొట్టినట్టయింది. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఐదుగురు ఆరోగ్యవంతులైన కుర్రాళ్లను మూడు వారాలపాటు మంచం దిగకుండా పడుకోబెట్టారు. వారందరికీ ఇరవై ఏళ్లు, అంటే నా వయసే. మూడు వారాల్లో వారి శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ పరిమాణం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. అసలు విశేషం తర్వాతది. ముప్పయ్యేళ్లకు, 1996లో, అదే ఐదుగురిని మళ్లీ పరీక్షించారు. అప్పటికి వారికి యాభై ఏళ్లు. బరువు పెరిగారు, ఒంట్లో కొవ్వు రెట్టింపైంది. అయినా ముప్పయ్యేళ్ల ముసలితనం వల్ల పోయిన సామర్థ్యం, ఆ మూడు వారాల మంచం వల్ల పోయిన దానికంటే తక్కువేనని తేలింది! ఆ తర్వాత ఆరు నెలలు నడక, పరుగు, సైకిలు క్రమంగా పెంచుతూ చేయిస్తే ఆ ముప్పయ్యేళ్లలో పోయింది తిరిగి వచ్చింది. ఐదుగురే కదా అని మీరనవచ్చు, నిజమే. ఐదుగురిని చూసి లోకానికంతా సూత్రం కట్టకూడదు. కాని మా నాయిన పడుకున్నది కూడా సరిగ్గా మూడు వారాలు. ఆ పైన నా సలహాతో నాలుగు నెలలు.

ఇక కండరం సంగతి. మన కండరాల్లో స్థూలంగా రెండు రకాల తంతువులుంటాయి. నిదానంగా, అలసిపోకుండా పనిచేసేవి ఒక రకం. నడకకు, నిలబడడానికి ఇవి ఆధారం. వేగంగా, గట్టిగా బిగిసేవి రెండో రకం; లేవడానికి, బరువెత్తడానికి, కాలు జారినప్పుడు తటాలున నిలదొక్కుకోవడానికి ఇవి కావాలి. వయసు మీద పడేకొద్దీ ముందుగా సన్నబడేది రెండో రకమే. వాటికి ఆజ్ఞలు పంపే నాడీకణాలు కూడా కొన్ని రాలిపోతాయి. అందుకే ఊరంతా తిరిగి రాగల పెద్దమనిషి కూడా పీట మీద నుంచి లేవడానికి గోడ పట్టుకుంటాడు. ఈ కండక్షయానికి 1989లో రోజెన్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞుడు 'సార్కోపీనియా' అని పేరు పెట్టాడు. గ్రీకులో మాంసం, లేమి అన్న రెండు మాటల కలయిక. నడక ఒక్కటే చాలదని నాకు ఇక్కడ తెలిసింది. నడక మంచిదే, గుండెకు, షుగరుకు మేలు. కాని రెండో రకం తంతువులకు పని చెప్పాలంటే కొంత బరువు, కొంత బిగువు ఉండాలి.

షుగరుకూ కండరానికీ సంబంధం మా బయోకెమిస్ట్రీ పాఠంలో ఉన్నదే. అన్నం తిన్న తర్వాత రక్తంలో చేరే గ్లూకోజును ఇన్సులిన్ ఆజ్ఞతో ఎక్కువగా పీల్చుకునేది కండరాలే. కండరం బిగిసి సడలుతున్నప్పుడు ఇన్సులిన్ లేకుండానే దాని పొరల్లోకి గ్లూకోజు ద్వారాలు వచ్చి తెరుచుకుంటాయి. పరీక్షల కోసం బట్టీపట్టిన ఈ వాక్యానికి అర్థం మా ఇంటి మెట్ల మీద తెలిసింది.

ఈ వయసులో కండ పెరుగుతుందా అని మామ అనుమానం. 1990లో బోస్టన్‌లో ఫియాటరోన్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు వృద్ధాశ్రమంలో ఉన్న 86 నుంచి 96 ఏళ్ల వారిచేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. తొడ కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర వదిలేశారు. అయితే ఆపేసిన నాలుగు వారాలకే ఉన్న బలంలో మూడో వంతు దాకా పోయింది. మామకు ఈ లెక్క చెబితే "తొంభై ఏండ్లోనికే వస్తే బావకెందుకు రాదు" అని తనే ముందుపడ్డాడు.

మామ ఆటో నడుపుతాడు. పొద్దంతా సీటు మీదనే. ఆయన కోసం ఇంకో సంగతి చెప్పాను. లండన్‌లో రెండంతస్తుల బస్సుల మీద పనిచేసే డ్రైవర్లను, కండక్టర్లను పోల్చి జెర్రీ మోరిస్ అనే డాక్టరు 1953లో ఒక పరిశోధన ప్రకటించాడు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు బాగా తక్కువ. తర్వాత ఆయన వాళ్ల యూనిఫారాల కొలతలు కూడా తీయించాడు. డ్రైవర్ల ప్యాంట్ల నడుము కొలత ఎక్కువ! మామ తన బెల్టు వైపు చూసుకున్నాడు. మన 7జెడ్ కూడా ఒకప్పుడు జూపార్కు నుంచి సికిందరాబాదుకు డబుల్ డెక్కరే కదా, ఆ కండక్టర్లను ఎవరైనా లెక్కించి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

మేం చేసిన పని పెద్దదేమీ కాదు. మొదట ఒక పరీక్ష. చేతుల్లేని కుర్చీ గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకొని, అరనిమిషంలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలడో లెక్కపెట్టాలి. 60 నుంచి 64 ఏళ్ల మగవారికి 14 కంటే తగ్గితే సగటుకు తక్కువ అని లెక్క; ఆడవారికి 12. నాయిన ఎనిమిది చేశాడు. ఎనిమిదోసారి మోకాళ్లు వణికాయి.

రోజు విడిచి రోజు కుర్చీ మీద నుంచి లేచి కూర్చోవడం, ఒక్కో విడతకు ఎనిమిది చొప్పున మూడు విడతలు. గోడకు చేతులు ఆనించి దండాలు. బకెట్టులో అయిదు లీటర్ల నీళ్లు పోసి ఎత్తడం, తర్వాత ఏడు, తర్వాత పది. (లీటరు నీళ్లు కిలో తూగుతాయి, డంబెల్సు కొనే ఖర్చు లేదు.) తలుపు చట్రం పట్టుకొని ఒంటికాలి మీద నిలబడడం. పొద్దున్నే మీరాలం చెరువు వైపు నడక. చెరువు కట్టకు ఇరవైయొక్క కమాన్లున్నాయని చెబితే, నాయిన కట్టను చూసే కన్నుతో చూసి "నీళ్ల బరువు పక్కలకు పంచిండ్రు" అన్నాడు. ఇంజనీరింగు చదివిన మా మిత్రుడు చెప్పిందీ అదే.

కింది అంతస్తులో డెబ్బై దాటిన పెద్దాయన ఒకరున్నారు. పడుచుతనంలో తాలీమ్‌లో కుస్తీ నేర్చినవారు. ఇప్పటికీ తెల్లవారి నమాజు తర్వాత వరండాలో బస్కీలు తీస్తారు. నాయినను చూసి నవ్వలేదు. "ఆహిస్తా, పటేల్ సాబ్, ఆహిస్తా" అంటూ పక్కన నిలబడి, దిగేటప్పుడు తొందరపడకూడదని, ఊపిరి బిగపట్టకూడదని చూపించారు. లైబ్రరీలో నేను వారం రోజులు వెదికిన రెండు సూత్రాలు ఆయనకు దేహానికి తెలుసు. నాయినకు ఉర్దూ అంతంతే, ఆయనకు తెలుగు అంతంతే. అయినా ఇద్దరికీ ముచ్చట్లు ఆగేవి కావు.

తిండి విషయం కూడా చూడాలి. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం పెద్దవారికి శరీరం బరువులో కిలోకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. నాయిన 62 కిలోలు, అంటే రోజుకు 51 గ్రాములు. కుప్పెడన్నం మీద పలుచని పచ్చిపులుసు పోసుకుంటే అది రాదు. పప్పు గట్టిగా, ఒక గుడ్డు, పెరుగు, గుప్పెడు పల్లీలు కలిపాం.

ఒక్క హెచ్చరిక చేయాలి. ఛాతీలో బిగువు, కళ్లు తిరగడం, మామూలుకు మించిన ఆయాసం ఉంటే ఇవేవీ మొదలుపెట్టకుండా డాక్టరుకు చూపించాలి. షుగరుకు ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవారికి వ్యాయామంతో చక్కెర మరీ పడిపోవచ్చు. జేబులో చక్కెర పొట్లం ఉండాలి.

పొలం పని చేసేవాళ్లకు వ్యాయామమెందుకని మా ఊళ్లో అడుగుతారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. మా అమ్మ కలుపు తీసి తీసి నేల మీది నుంచి చేయి ఆనించకుండా ఇప్పటికీ లేస్తుంది, కాని చెయ్యి తల పైకి ఎత్తలేదు. పని ఒక కండరాన్ని అరగదీస్తుంది, ఇంకో కండరాన్ని మరిచిపోతుంది. ఇప్పుడు ట్రాక్టరు, కలుపు మందు వచ్చాక ఆ పని కూడా సగమైంది. మన లెక్చరరుగార్లలో కొందరు కుర్చీలోంచి లేచేటప్పుడు బల్లను రెండు చేతులా పట్టుకోవడం నేను గమనించాను. వారి పేర్లు రాయను, నాకింకా ప్రాక్టికల్సు ఉన్నాయి.

నాయిన మృగశిర కార్తెకు ముందే ఊరికి పోయాడు, ఆగమన్నా ఆగలేదు. కుర్చీ లెక్క ఇప్పుడు అమ్మ చూస్తుంది. పోయిన ఆదివారం ఫోనులో చెప్పింది: "పదమూడు చేసిండు. పద్నాలుగోది చేతులు ఆనిచ్చి లేసిండు, నేను లెక్కలేయలే. గందుకు నా మీద అలిగిండు."