విడిభాగాలు – నిండు రూపం

పాఠం ఉద్దేశం

పనికిరావని పక్కన పెట్టిన వస్తువులలోని ఉపయోగాన్ని గుర్తించే చూపు, కొలతపట్ల నిష్ఠ, ఓర్పు, ఔచిత్యజ్ఞానం – ఈ నాలుగు గుణాలను నమూనా కార్ల నిర్మాణకళ ఆధారంగా విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగునాట పాత చీరలను పారవేయని ఇళ్లు నిన్నమొన్నటి వరకు ఎన్నో ఉండేవి. ఒక చీర అంచు, మరొక చీర కొంగు, పాత పంచె ముక్క – ఇవన్నీ కలిసి చలికాలంలో కప్పుకొనే బొంతగా మారేవి. కుట్టే చేతికి చూపు ఉంటే ఆ బొంత కంటికి ఇంపుగా ఉండేది. చూపు లేకపోతే ‘అతుకుల బొంత’ అనే మాటకు తార్కాణంగా మిగిలేది. రెండింటిలోనూ ఉన్నవి అవే గుడ్డముక్కలు. తేడా వాటిని చేర్చిన తీరులో ఉంది. అమెరికా, జపాన్ మొదలైన దేశాలలో వేలాది మంది అభిరుచితో సాగించే నమూనా కార్ల నిర్మాణానికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

ఒక వస్తువును నిర్ణీతమైన నిష్పత్తిలో కుదించి చేసిన ప్రతిరూపమే నమూనా. ఆటబొమ్మకు కారు పోలిక ఉంటే చాలు. నమూనాకు పోలికతోపాటు కొలత కూడా ఉండాలి. 2014 వరకు మనదేశంలో తయారైన అంబాసిడర్ కారు పొడవు సుమారు 4.3 మీటర్లు. దానిని 1:24 నిష్పత్తిలో చేస్తే నమూనా 18 సెంటీమీటర్లు ఉంటుంది. 1:43లో 10 సెంటీమీటర్లు, 1:64లో సుమారు 7 సెంటీమీటర్లు అవుతుంది. ఈ నిష్పత్తులు ఊరకే ఏర్పడినవి కావు. అసలు కారులోని ఒక అడుగును నమూనాలో అర అంగుళంగా తీసుకొంటే 1:24 నిష్పత్తి వస్తుంది. అడుగులు, అంగుళాలు వాడుకలో ఉన్న దేశాలలో ఈ లెక్క సులభం కనుక అది స్థిరపడిపోయింది.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 1948లో ఏఎంటీ అనే సంస్థ ప్రారంభమైంది. కార్ల వ్యాపారుల దుకాణాలలో ప్రదర్శించడానికి చిన్న నమూనాలను తయారుచేయడం మొదట దాని పని. 1958లో ఆ సంస్థ నమూనాలను విడిభాగాలుగా పెట్టెలో పెట్టి అమ్మసాగింది. ఆ పెట్టెలకు ‘త్రీ ఇన్ వన్’ కిట్లని పేరు. ఒకే పెట్టెలోని భాగాలతో కారును మూడు విధాలుగా కట్టవచ్చు. ఒకటి కర్మాగారం నుంచి వచ్చిన రూపం, రెండవది యజమాని తన అభిరుచికి మార్చుకొన్న రూపం, మూడవది పందెపు కారు రూపం. అయితే పెట్టెలో కారు శరీరం ఒక్కటే ఉంటుంది. కాబట్టి ఒక రూపం కట్టగానే మిగిలిన రెండు రూపాలకు ఉద్దేశించిన చక్రాలు, బంపర్లు, ఇంజను భాగాలు మిగిలిపోయేవి. వాటిని పారవేయడానికి మనసొప్పని పిల్లలు పాత చెప్పుల పెట్టెలలో, బిస్కెట్ డబ్బాలలో దాచుకొన్నారు. నిర్మాతల బల్లమీద ‘విడిభాగాల పెట్టె’ ఆ విధంగా వెలసింది. ఒక కిట్‌లోని భాగాలను మరొక కిట్‌లోని భాగాలతో కలిపి, ఏ పెట్టెలోనూ లేని కొత్త రూపాన్ని సృష్టించడాన్ని ‘కిట్‌బాషింగ్’ అంటారు.

ఈ పని చూడడానికి తేలికగా కనిపిస్తుంది. చేయబోయేసరికి దానిలోని కష్టం తెలుస్తుంది. అందుకు ఒక ఉదాహరణ చూడవచ్చు. అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు తమ కార్ల పైకప్పును కిందికి దించి, వాహనానికి వేగవంతమైన రూపం తెచ్చేవారు. దీనిని ‘చాప్’ అంటారు. అసలు కారులో కప్పును 75 మిల్లీమీటర్లు దించారనుకొందాం. 1:25 నమూనాలో అది కేవలం 3 మిల్లీమీటర్లు, అంటే బియ్యపు గింజ పొడవులో సగం. కిటికీల నడుమ ఉన్న స్తంభాలలో అంతమేర సన్నని రంపంతో కోసి తీయాలి. ఆ కోతలో అర మిల్లీమీటరు పొరపాటు వస్తే, అసలు కారులో 12.5 మిల్లీమీటర్ల వంకర వచ్చినట్లే.

కోత సరిగా పడినా కష్టం తీరదు. కారు స్తంభాలు నిట్టనిలువుగా ఉండవు. ముందరి అద్దం పక్కనున్న స్తంభాలు వెనుకకు, వెనుకవి ముందుకు వాలి ఉంటాయి. అందువల్ల కింద వెడల్పుగా, పైన ఇరుకుగా ఉన్న ఆకృతిలో నడిమి భాగాన్ని తీసివేసినట్లవుతుంది. కప్పును కిందికి దించగానే దాని కొసలు కింది మొదళ్లతో కలియవు, కప్పు పొట్టిదైపోతుంది. అప్పుడు నిర్మాతకు రెండే మార్గాలు. స్తంభాలను మరికొంత వాల్చి కలపాలి. లేదా కప్పును అడ్డంగా రెండుగా కోసి, నడుమ ఒక ప్లాస్టిక్ పట్టీ చేర్చి పొడిగించాలి. ఆ పట్టీ చాలాసార్లు విడిభాగాల పెట్టెలోని మరొక కారు కప్పునుంచే వస్తుంది. ఒకచోట చేసిన మార్పు మరొకచోట మార్పును కోరుతుందనే సత్యాన్ని ఈ 3 మిల్లీమీటర్ల కోత నేర్పుతుంది.

అతికిన తరువాత అతుకును మాయం చేయాలి. ఈ కిట్లు పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో తయారవుతాయి. దీనికి వాడే ద్రావకం జిగురువలె పైపైన అంటుకోదు. రెండు అంచులను కొద్దిగా కరిగించి ఒకటిగా కలుపుతుంది. అది పూర్తిగా ఆరేదాకా ఆగాలి. ఆ తరువాత మన రంగుల పనివారు లప్పం అని పిలిచే పుట్టీని సందులలో నింపి, మొదట గరుకైన ఎమరీ కాగితంతో, పిదప నున్నని కాగితంతో నీటిలో తడుపుతూ సాన పట్టాలి. దానిపై ప్రైమరు పూయాలి. ప్రైమరు నిష్పక్షపాతి అయిన పరీక్షకుడు. కంటికి కనిపించని గీతను కూడా అది బయటపెడుతుంది. గీత కనిపిస్తే మళ్లీ పుట్టీ, మళ్లీ సాన. తొందరపడి రంగు వేస్తే ఆ లోపం నిగనిగలాడే రంగు కింద మరింత స్పష్టంగా కనిపిస్తుంది. లోపాన్ని కప్పిపుచ్చేది రంగు కాదు, ఓర్పు.

పనికిరాని వస్తువుకు పని కల్పించడంలో ఈ నిర్మాతలు సిద్ధహస్తులు. కిట్‌లోని భాగాలన్నీ ఒక ప్లాస్టిక్ చట్రానికి అంటుకొని వస్తాయి. భాగాలను కోసుకొన్నాక మిగిలే ఆ పుల్లను కొవ్వొత్తి వేడికి మెత్తబరచి మెల్లగా సాగదీస్తే దారంవంటి తీగ వస్తుంది. అదే రేడియో ఏంటెన్నాగా, బ్రేకు గొట్టంగా మారుతుంది. బాల్‌పెన్నులోని స్ప్రింగు కారు కుదుపులను తగ్గించే స్ప్రింగుగా అమరుతుంది. అయితే పదునైన కత్తితో పనిచేసేటప్పుడు కోత శరీరానికి ఎదురుగా సాగరాదు. ద్రావకాలను, రంగులను గాలి ధారాళంగా ఆడే చోటనే వాడాలి. వాటి ఆవిరి పీల్చడం ఆరోగ్యానికి హాని, మంటకు దగ్గరగా ఉంచడం ప్రాణాపాయం.

విడిభాగాలతో పనిచేసేవారికి ఎదురయ్యే అసలు ప్రమాదం పెట్టె ఖాళీగా ఉండడం కాదు, నిండుగా ఉండడం. ఒక కిట్‌లోని పెద్ద ఇంజను, మరొకదాని వెడల్పు చక్రాలు, వేరొకదాని రెక్క – ఉన్నవన్నీ ఒకే కారుకు తగిలించాలనే ఆశ పుడుతుంది. 1:24 భాగానికి, 1:25 భాగానికి కొలతలో వందకు నాలుగు పాళ్లే తేడా. ఇంజను మూలల్లో ఆ తేడాను కన్ను మన్నిస్తుంది. ఒకే వరుసలోని రెండు సీట్లలో మన్నించదు. ఇంజను పెద్దదైతే దానిని చల్లబరచే రేడియేటరుకు చోటు ఏదీ? దాని శక్తిని వెనుక ఇరుసుకు చేర్చే షాఫ్ట్ ఏ దారిన పోతుంది? పొగగొట్టం నేలకు తగులుతుందా? నమూనా కారు రోడ్డుపై నడవదు. అయినా నడవగలదని చూసేవారికి నమ్మకం కలగాలి.

కాశ్మీర దేశానికి చెందిన క్షేమేంద్రుడు పదకొండవ శతాబ్దంలో ‘ఔచిత్యవిచారచర్చ’ అనే గ్రంథంలో కావ్యానికి ఔచిత్యమే జీవమని ప్రతిపాదించాడు. నగ ఎంత విలువైనదైనా తగినచోట ఉంటేనే శోభ. చోటు తప్పితే నవ్వులపాలు. నిఘంటువులోని మాటలన్నీ ఒకే పద్యంలో కూర్చినవాడు కవి కానట్లే, పెట్టెలోని భాగాలన్నీ ఒకే కారుకు తగిలించినవాడు శిల్పి కాడు. చేయి చాచి తీసుకొన్న భాగాన్ని ‘ఇది ఇక్కడ తగదు’ అని తిరిగి పెట్టెలో వేయగలగడమే ఈ కళలో పరిణతికి గుర్తు.

తగునో తగదో తెలియాలంటే పూర్తి రూపం తెలియాలి. జపాన్‌కు చెందిన తమియా సంస్థ 1976లో పోర్షే 934 పందెపు కారుకు 1:12 నమూనాను విడుదల చేసింది. దానిని రూపొందించే సందర్భంలో ఆ సంస్థ నిజమైన పోర్షే 911 కారునే కొని, భాగాలుగా విప్పి పరిశీలించింది. విప్పడం తమ చేతనైంది కాని, తిరిగి బిగించడానికి పోర్షే నిపుణులను పిలవవలసి వచ్చింది. చిన్న వస్తువును చేయడానికి పెద్ద వస్తువును ఎంత లోతుగా తెలుసుకోవాలో ఈ సంఘటన చెబుతుంది.

ఈ శ్రమ వల్ల ప్రయోజనమేమిటని సందేహం కలగవచ్చు. జనరల్ మోటార్స్‌కు చెందిన ఫిషర్ బాడీ విభాగం 1930 నుంచి 1968 వరకు ‘క్రాఫ్ట్స్‌మెన్స్ గిల్డ్’ పేరుతో నమూనాల పోటీలు నిర్వహించింది. మొదట రాజవైభవం గల గుర్రపుబగ్గీ నమూనా, తరువాత సొంత ఊహతో రూపొందించిన కారు నమూనా పోటీ అంశాలు. గెలిచినవారికి చదువు నిమిత్తం విద్యార్థి వేతనాలు లభించేవి. 1947లో అలా గెలిచిన చార్లెస్ జోర్డాన్ అనే విద్యార్థి ఆ తరువాత జనరల్ మోటార్స్‌లో చేరి, 1986లో ఆ సంస్థ రూపకల్పన విభాగానికి ఉపాధ్యక్షుడయ్యాడు. ఈ పోటీలు బాలురకు మాత్రమే పరిమితం కావడం ఆనాటి సమాజపు లోపం. నేర్పుకు స్త్రీపురుష భేదం లేదని నేటి విద్యార్థులకు వేరుగా చెప్పనవసరం లేదు.

సినిమా రంగంలోనూ ఈ విద్య వెలిగింది. 1977లో విడుదలైన ‘స్టార్ వార్స్’ చిత్రంలోని అంతరిక్ష నౌకల నమూనాలను చేసిన కళాకారులు, బజారులో దొరికే యుద్ధట్యాంకులు, విమానాలు మొదలైనవాటి కిట్లను కొని, వాటి చిన్న చిన్న భాగాలను నౌకల ఉపరితలంపై అతికించారు. ట్యాంకు చక్రపు ముక్క ప్రేక్షకుల కంటికి అంతుపట్టని మహాయంత్రంగా తోచింది.

మన హైదరాబాదులో 2010లో ప్రారంభమైన సుధా కార్స్ మ్యూజియం ఇదే చూపునకు మరొక నిదర్శనం. దాని స్థాపకుడు సుధాకర్ పాత వాహనాల భాగాలను, తుక్కు ఇనుమును సేకరించి క్రికెట్ బ్యాటు, బూటు, కెమెరా, వంకాయ వంటి ఆకారాలలో నిజంగా నడిచే వాహనాలను నిర్మించాడు. అక్కడ కొలత వేరు, లోహం వేరు. తుక్కులో రూపాన్ని దర్శించిన చూపు మాత్రం ఒక్కటే.

ఖరీదైన కిట్లు కొనలేనివారికి కూడా దారి మూసుకుపోలేదు. బజారులో తక్కువ ధరకు దొరికే 1:64 లోహపు బొమ్మకారు అడుగున ఉన్న రివెట్టును తొలిచి తీస్తే అది విడిభాగాలుగా విడిపోతుంది. పాత రంగు తీసి కొత్త రంగు వేయవచ్చు, మరొక విరిగిన బొమ్మ చక్రాలను దానికి అమర్చవచ్చు. మొదటి ప్రయత్నం చెడిపోవచ్చు. చెడిన కారు కూడా విడిభాగాల పెట్టెలోకే చేరుతుంది. రేపటి కారుకు అదే ఒక తలుపునో, ఇరుసునో ఇస్తుంది. ఈ కళలో ఓటమి సైతం వ్యర్థం కాదు. ముక్కలను ముక్కలుగా చూసేవారికి అవి చెత్త. నిండు రూపాన్ని మనసులో నిలుపుకొన్నవారికి అవే సంపద.

కఠిన పదాలు – అర్థాలు

తార్కాణం : రుజువు, ఉదాహరణ
నిష్పత్తి : రెండు కొలతల మధ్య గల సంబంధం
ప్రతిరూపం : ఒకదానిని పోలిన మరొక రూపం
ఔచిత్యం : తగినట్లు ఉండడం
సిద్ధహస్తుడు : చేయి తిరిగినవాడు
పరిణతి : పరిపక్వత

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. కారు నమూనా పైకప్పును దించడంలో ఎదురయ్యే కష్టాలను, వాటి పరిష్కారాలను వివరించండి.
2. విడిభాగాల మేళవింపులో ఔచిత్యానికి గల స్థానాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ) క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ‘విడిభాగాల పెట్టె’ ఎలా ఏర్పడింది?
2. తమియా సంస్థ అనుభవం ఏ సత్యాన్ని తెలుపుతుంది?

ఇ) క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. బొమ్మకు, నమూనాకు గల తేడా ఏమిటి?
2. ప్రైమరును పరీక్షకుడని ఎందుకు అన్నారు?

ఈ) మీ ఇంట్లో పనికిరావని పక్కన పెట్టిన ఐదు వస్తువులను ఎన్నుకొని, వాటితో చేయదగిన ఒక నమూనా వాహనాన్ని కొలతలతో వర్ణించండి.