కంప్యూటరు – బాహ్య పరికరాలు: తొలినాటి రాకపోకలు

కంప్యూటరు అనగానే మనకు స్ఫురించేది దాని వేగము. కాని ఆ వేగము సార్థకము కావలెనంటే లెక్కకు కావలసిన అంకెలు లోపలికి చేరవలెను. ఫలితము బయటికి రావలెను. ఈ రాకపోకలు సాగించే పరికరాలు చక్రాలతో, మీటలతో కదిలేవి. లోపలి లెక్క మాత్రము విద్యుత్తు వేగంతో జరిగేది. ఈ అంతరమును తొలి నిర్మాతలు ఏ విధంగా అధిగమించినారో పరిశీలిద్దాము.

1946లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ప్రదర్శింపబడిన ఎనియాక్ సెకనుకు 5,000 కూడికలు చేయగలిగేది. దానికి అంకెలు రంధ్రాల కార్డుల ద్వారా అందేవి. కార్డులు చదివే యంత్రము నిమిషానికి సుమారు 125 కార్డులు చదివేది. అనగా ఒక్కొక్క కార్డుకు దాదాపు అర సెకను. ఆ వ్యవధిలో ఎనియాక్ రెండు వేలకు పైగా కూడికలు ముగించగలదు. లెక్క చిన్నదై కార్డులు ఎక్కువైనచో అంతటి యంత్రమూ కార్డు కొరకు ఎదురుచూడవలసినదే.

1949లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ బృందము నిర్మించిన ఎడ్సాక్ కాగితపు టేపును వాడినది. టేపుపై ఒక్కొక్క వరుసలో ఐదు స్థానాలు. ప్రతి స్థానంలో రంధ్రము ఉండవచ్చును, లేకపోవచ్చును. కనుక 32 గుర్తులే ఏర్పడతాయి. ఆంగ్లాక్షరాలు, అంకెలు కలిసి 36. అందుచేత ముద్రణలో ‘ఇకపై అక్షరాలు’, ‘ఇకపై అంకెలు’ అని తెలిపే రెండు సంకేతాలను ఏర్పరచి, ఒకే గుర్తుకు రెండు అర్థాలు కల్పించినారు. మన ఉర్దూ అక్షరమాల గాని, తెలుగు అక్షరమాల గాని ఆ 32లో ఇమడదు. ఫలితాలను ముద్రించే టెలిప్రింటరు సెకనుకు ఆరేడు అక్షరాలే కొట్టేది. ఒక అక్షరము పడేలోగా ఎడ్సాక్ దాదాపు నూరు ఆజ్ఞలను నిర్వర్తించగలదు.

ఈ నిరీక్షణను తగ్గించుటకు క్రమంగా మూడు ఉపాయాలు వెలసినవి.

మొదటిది, నడిమి నిల్వ. దీనినే బఫరు అంటారు. 1951 నాటి యూనివాక్ అయస్కాంత టేపు నుండి 60 పదాల భాగమును ముందుగానే ఒక ప్రత్యేక నిల్వలోనికి తెచ్చుకొనేది. యంత్రము ఒక భాగముపై లెక్క చేయుచుండగా టేపు తరువాతి భాగమును సిద్ధపరచేది.

రెండవది, అంతరాయ పద్ధతి. ఉత్తరము వచ్చినదేమోనని పది నిమిషాలకొకసారి వీధి గుమ్మము దాకా వెళ్ళి చూచేవాడు ఏ పనినీ నెరవేర్చలేడు. తపాలా బంట్రోతు పిలిచినప్పుడే లేచేవాని పని చెడదు. అదే రీతిగా పరికరమే సంకేతము పంపుతుంది. కంప్యూటరు తాను ఆపిన చోటును గుర్తుంచుకొని, పరికరము పనిని చూచి, తిరిగి అక్కడి నుండే కొనసాగిస్తుంది. 1956 ప్రాంతంలో యూనివాక్ 1103ఎ ఈ పద్ధతిని గాలి సొరంగాల కొలతలు స్వీకరించుటకు వినియోగించినది. కొలత యంత్రము కొరకు ఆగదు. ఆ క్షణమున అందుకొనకపోతే పోయినట్లే.

మూడవది, ఛానెల్. 1958లో వాడుకలోనికి వచ్చిన ఐ.బి.ఎం. 709లో టేపులకు, జ్ఞాపకశక్తికి నడుమ దత్తాంశమును చేరవేసే పని ప్రత్యేక విభాగానికి అప్పగింపబడినది. ప్రధాన గుమాస్తా చిట్టా వ్రాసి ఇచ్చి తన పని తాను చూచుకొనగా, సహాయకుడు సరుకు చేరవేసినట్లు ఇది జరుగుతుంది.

నేటి కంప్యూటరులోనూ, చేతిలోని ఫోనులోనూ ఈ మూడు ఉపాయాలూ కలిసి పనిచేయుచున్నవి. వేగము కోట్ల రెట్లు పెరిగినను, పరికరాలకు, లెక్కకు నడుమ అంతరము తొలగిపోలేదు. కావున మన విద్యార్థులు యంత్రము మందగించినదని తలచినప్పుడు మొదట అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: అది లెక్క చేయుచున్నదా, లేక ఎదురుచూచుచున్నదా? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినచో సగము వైద్యము జరిగినట్లే.