లూప్ ఊగుతోందని రాశావు

ఇబ్రహీంపట్నం

చిరంజీవి అమ్మడికి,

నీ ఉత్తరం అందింది. రియాక్టర్ జాకెట్ టెంపరేచర్ లూప్‌ను ఆటోలో పెట్టగానే ఊగుతోందనీ, షిఫ్టులో పెద్దవాళ్లు దాన్ని మాన్యువల్‌లోకి లాగేసి చేత్తో నడుపుతున్నారనీ రాశావు. కాలేజీలో చదివిన లాప్లాస్ లెక్కలు పరవాడ ప్లాంటులో ఎందుకూ పనికి రావడం లేదన్నావు. ఆ చివరి మాట ఒప్పుకోను. పనికొస్తాయి. కాకపోతే ముందు ప్రాసెస్ స్వభావం తెలియాలి, కంట్రోలర్ జోలికి ఆ తర్వాత వెళ్లాలి.

మన ఊరి బాయిలర్ సంగతే తీసుకో. నార్ల తాతారావు థర్మల్ స్టేషన్‌లో మొదటి 210 మెగావాట్ల యూనిట్ 1979లో మొదలైంది. అలాంటి బాయిలర్‌కు నెత్తిన ఒక డ్రమ్ము ఉంటుంది. పొడవాటి ఉక్కు పీపా, అడుగున నీళ్లు, పైన ఆవిరి. డ్రమ్ లెవెల్ సున్నా గీతకు అటూ ఇటూ కొన్ని పదుల మిల్లీమీటర్లలోనే నిలవాలి. పెరిగితే నీటి తుంపర ఆవిరితో పాటు టర్బైన్ బ్లేడ్ల మీదికి పోతుంది. తగ్గితే కొలిమిలో ట్యూబులు మాడిపోతాయి.

గ్రిడ్ ఉన్నట్టుండి లోడ్ ఎక్కువ అడిగిందనుకో. టర్బైన్ వాల్వులు తెరుచుకుని ఆవిరిని లాక్కుంటాయి. డ్రమ్ములో ఒత్తిడి పడిపోతుంది. నీళ్లలో ఉన్న బుడగలన్నీ ఉబ్బుతాయి. డెస్క్ మీద లెవెల్ పైకి పోతుంది! లోపల చూస్తే వచ్చే నీటి కంటే పోయే ఆవిరి ఎక్కువ, అంటే నిజానికి నీరు తరుగుతోంది. ఒక్క లెవెల్‌నే నమ్ముకున్న కంట్రోలర్ 'లెవెల్ పెరిగింది' అనుకుని ఫీడ్ వాటర్ వాల్వు మూస్తుంది. కాసేపటికి ఒత్తిడి కోలుకుని బుడగలు కుంచించుకోగానే లెవెల్ దబ్బున కిందికి పడుతుంది. ఇక ట్రిప్పే. దీనికి తిరగబడ్డ రూపం కూడా ఉంది. డ్రమ్ములోకి చల్లటి నీళ్లు ఎక్కువ పంపితే లెవెల్ ముందు తగ్గి ఆ తర్వాతే పెరుగుతుంది. బాయిలర్ డెస్క్ ముందు కూర్చున్న ప్రతివాడూ మొదట నేర్చుకోవలసింది ఆ కొద్ది క్షణాలు వాల్వు మీదికి చెయ్యి పోకుండా ఆపుకోవడం.

దీనికి మందు త్రీ ఎలిమెంట్ కంట్రోల్. పోయే ఆవిరి ఎంతో, వచ్చే నీరు ఎంతో కొలిచి ఆ రెండిటినీ ముందు సమానం చేస్తారు. లెవెల్‌ను చిన్న దిద్దుబాటుకే వాడతారు. తక్కువ లోడ్‌లో ఆవిరి ఫ్లో మీటర్ లెక్క నమ్మలేం కాబట్టి స్టార్టప్‌లో ఒక్క లెవెల్ మీదే నడిపి, లోడ్ ఎక్కాక మూడింటికి మారుస్తారు. నువ్వు పనికిరావన్న లాప్లాస్ ఈ తిరకాసునంతా ఒక్క మాటలో చెబుతుంది: ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ లవంలో ఒక జీరో కుడి అర్ధతలంలో ఉంది. అది ఉన్నచోట కంట్రోలర్‌ను ఎంత తొందరపెడితే అంత చేటు. ఇక్కడే ఈమధ్య చేరిన 800 మెగావాట్ల సూపర్ క్రిటికల్ యూనిట్‌లో అసలు డ్రమ్మే లేదు. దాని తీరు వేరు, దాని కష్టాలు వేరు.

నీ జాకెట్ లూప్‌లో ఉన్నది బహుశా ఆ కుడి అర్ధతలం జీరో కాదు, ఆలస్యం. దాన్ని చూడాలంటే ప్రకాశం బ్యారేజీ మీద నిలబడితే చాలు. అక్కడ సెట్ పాయింట్ 12 అడుగుల నీటిమట్టం, 70 గేట్లు వాల్వులు. పులిచింతలలో వదిలిన నీళ్లు సుమారు 85 కిలోమీటర్లు నడిచి రావడానికి గంటలు పడుతుంది. మధ్యలో మున్నేరు తన ఇష్టానికి వచ్చి కలుస్తుంది. అందుకే పైన ఎంత వదిలారో కబురు అందగానే, కీసర దగ్గర మున్నేరు మట్టం చూసుకుని, ఇక్కడ మట్టం కదలకముందే గేట్లు సర్దుతారు. మీ పుస్తకంలోని ఫీడ్ ఫార్వర్డ్ అదే. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు గేట్లన్నీ ఎత్తేశారు. వాల్వు పూర్తిగా తెరుచుకున్నాక ఏ కంట్రోలరూ చేయగలిగింది లేదు, ఆ హద్దు కూడా డిజైన్‌లో భాగమేనని గుర్తుంచుకో.

బ్యారేజీ దిగువన కాలవల మీద ఈ ఆలస్యం ఇంకా బాగా తెలుస్తుంది. శివారు పొలాలకు నీళ్లందలేదని లాకుల దగ్గర గేటు ఎత్తితే ఆ నీళ్లు దివిసీమ చివరికి చేరడానికి రోజులు పడుతుంది. ఈలోగా ఓపిక పట్టలేక మళ్లీ ఎత్తితే రెండూ కలిసి ఒకేసారి వచ్చిపడతాయి. అనుభవమున్న లస్కరు ఒకసారి ఎత్తి, ఆగుతాడు. ఆలస్యం ఉన్న లూప్‌ల కోసం ఓటో స్మిత్ తన ప్రిడిక్టర్‌ను ప్రకటించింది 1957లో, మన బ్యారేజీ పూర్తయిన ఏడే. ఇప్పుడు వదిలింది ఎప్పుడు, ఎంత చేరుతుందో మోడల్ ముందే లెక్కగట్టి చెబితే, కంట్రోలర్ ఇంకా దారిలో ఉన్నదాన్ని మళ్లీ మళ్లీ అడగదు. ఆ లస్కరు మనసులో వేసుకునే లెక్కా ఇదే.

కాబట్టి పెద్దవాళ్ల అనుమతి తీసుకుని ఇలా చెయ్యి. వేడి పుట్టించే రియాక్షన్ జరుగుతున్నప్పుడు మాత్రం వద్దు. లూప్‌ను మాన్యువల్‌లో పెట్టి అవుట్‌పుట్ కదపకుండా ఉంచు. ఊగడం ఆగిపోతే తప్పు లూప్‌లోనే ఉంది, ఆగకపోతే బయటి నుంచి ఎవరో ఊపుతున్నారు, బ్రైన్ లైనో స్టీమ్ హెడరో చూసుకో. ఆ తర్వాత వాల్వును మూడు శాతం కదిపి, టెంపరేచర్ కదలడానికి ఎంతసేపు పట్టిందో రాసుకో. వాల్వు స్టెమ్ పట్టేస్తోందేమో దగ్గరికి వెళ్లి కళ్లతో చూడు. నా అనుభవంలో ట్యూనింగ్ మీద వేసే నిందల్లో చాలావరకు వాల్వుకు చెందాలి. 1942 నాటి జీగ్లర్ నికోల్స్ పట్టిక ఆలస్యం ఎక్కువున్న చోట సరిగా పనిచేయదు. ఎంత పేరున్నదైనా దాన్ని అక్కడ వాడవద్దనే నా సలహా.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. నీకు దగ్గరలోనే వెంకటాపురం ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ట్యాంకు వేడెక్కి ఆవిరి వదిలింది, 12 మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చినవాటిలో ఒకటి విను: ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగునే ఉంది, మధ్యా పైనా లేదు. పాలిమరైజేషన్ వేడి పుట్టిస్తుంది, ఆ వేడికి పాలిమరైజేషన్ ఇంకా వేగం పుంజుకుంటుంది. అది పై పొరల్లో పెరుగుతుంటే అడుగున ఉన్న అంకె చెప్పలేకపోయింది. లాగ్ షీట్‌లో అంకె బాగుందని నిశ్చింతగా ఉండకు. ఆ అంకె ఎక్కడి నుంచి వస్తోందో అడుగు. పీ అండ్ ఐడీ చేతపట్టుకుని వెళ్లి నీ రియాక్టర్‌లో థర్మోవెల్ ఎంత లోతుందో, దాని కొన స్టర్రర్ దగ్గరుందా గోడ పక్కనుందా, ట్రిప్ అదే సెన్సార్ మీద నడుస్తోందా వేరే దాని మీదా, చూసి రా.

ఆ సంగతులూ, ఆలస్యం ఎన్ని నిమిషాలు వచ్చిందీ తర్వాతి ఉత్తరంలో రాయి. ట్రెండ్ ప్రింటు కూడా పంపు. దసరాకి ఎలాగూ బెజవాడ వస్తావు కదా, కాగితం పరిచి ఇద్దరం కలిసి ట్యూన్ చేద్దాం. పెద్దమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న