“పర్లేదు” అంటే పదికి ఎంతమ్మా?

ఏమ్మా చెల్లాయ్, చికున్‌గున్యా జ్వరం తగ్గి నాలుగు నెలలైనా ఇంకా గోడ పట్టుకునే మెట్లు దిగుతున్నావట? డాక్టరుగారు “ఎలా ఉందమ్మా?” అంటే మాత్రం “పర్లేదండీ” అనేసి వచ్చి ఉంటావు. మన ఆడవాళ్ళ సంగతి నాకు తెలీదూ! పక్కన కూర్చున్న మీ ఆయన “వంటా అదీ చేసుకుంటోందండీ” అని వంత పాడే ఉంటాడు. చేస్తోంది సరే, కుక్కర్ మూత ఎవరు తీస్తున్నారో ఆయన చూడొద్దూ?

ఈ జబ్బు మనకి కొత్త కాదు. 2005 చివర్లో మళ్ళీ మొదలై 2006లో ఊళ్ళకి ఊళ్ళనే మంచాన పడేసింది. ఆ ఏడాది దేశం మొత్తమ్మీద 13 లక్షల పైచిలుకు అనుమానిత కేసులు. జ్వరం వారం పది రోజుల్లో పోతుంది, కీళ్ళ నొప్పులే పోవు. కొందరికి నెలలు, కొందరికి ఏళ్ళు. మూడు నెలలు దాటితే దీర్ఘకాలిక దశ కిందే లెక్క. నలభై దాటిన ఆడవాళ్ళని ఇది ఎక్కువగా పీడిస్తుంది. అంటే నిన్నూ నన్నూ అన్నమాట.

పోనీ రక్తపరీక్షలో తేలుతుందా అంటే, చాలామందికి అన్నీ నార్మలే వస్తాయి. రిపోర్టు చూసి ఇంట్లోవాళ్ళు “ఏం లేదన్నారుగా” అంటారు. ఆ మాట నొప్పికన్నా బాధ!

మరి రక్తంలో తేలనిదాన్ని కొలిచేదెలా? కీళ్ళవాతానికి డాక్టర్లు వాడే కొలత ఒకటుంది, డాస్ 28 అని. వేళ్ళు, మణికట్లు, మోచేతులు, భుజాలు, మోకాళ్ళు కలిపి 28 కీళ్ళు నొక్కి చూసి, ఎన్ని నొప్పిగా ఉన్నాయో, ఎన్ని వాచాయో లెక్కేస్తారు. మంచి కొలతే. కాకపోతే అందులో చీలమండలూ పాదాలూ లేవు. చికున్‌గున్యా తరచూ పట్టుకునేది వాటినేనాయె! అందుకని వాళ్ళు అడక్కపోయినా “కాళ్ళు కూడా చూడండి” అని నువ్వే చెప్పాలి.

నాకు బాగా నచ్చింది మాత్రం ప్రశ్నల కొలత. హాక్ అంటారు. 1980లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు తెచ్చింది. మాంసం కోసుకోగలరా, టబ్బులో స్నానం చేయగలరా అని అడుగుతుంది. మనకి టబ్బెక్కడిది తల్లీ! తర్వాత మన దేశపు డాక్టర్లు దాన్ని 12 ప్రశ్నలకి కుదించి మనకి తగ్గట్టు మార్చారు. చీర కట్టుకోగలవా? కింద బాసింపట్టు వేసుకుని కూర్చోగలవా? ఆటో ఎక్కి దిగగలవా? కుళాయి తిప్పగలవా? కూరగాయల మార్కెట్‌కి వెళ్ళి రాగలవా? ఇలా ఉంటాయి. ఇబ్బంది లేకపోతే సున్నా, కొంచెం ఉంటే ఒకటి, చాలా ఉంటే రెండు, అసలు చేతకాకపోతే మూడు. ఇదీ మన బతుకుని చూసి వేసిన లెక్క.

ఇంట్లో నువ్వూ ఇలాగే రాసుకోవచ్చు. వంటింటి క్యాలెండర్‌లో తేదీ పక్కన రెండు అంకెలు చాలు. నొప్పి పదికి ఎంత, పొద్దున లేచాక కీళ్ళ బిగుతు వదలడానికి ఎన్ని నిమిషాలు. ఆ రెండోది చాలా ముఖ్యం సుమా. పది నిమిషాల్లో వదిలితే ఒక తీరు. గంటైనా వేళ్ళు ముడుచుకోకపోతే కీళ్ళలో వాపు ఇంకా రగులుతోందేమోనని డాక్టర్లు అనుమానిస్తారు. ఆపైన నీకు రోజూ తప్పని పని ఒకటి పెట్టుకో. తడిగుడ్డ పిండడమో, అమ్మాయికి జడ వేయడమో. దానికీ సున్నా నుంచి మూడు దాకా మార్కు వెయ్యి. ఒక్కరోజు అంకె చూసి బెంగ పెట్టుకోకు. నెల తిరిగాక పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే లెక్క.

ఈలోగా మెడికల్ షాపులో అడిగి నొప్పి బిళ్ళలు తెచ్చుకుని నెలల తరబడి మింగకు, కడుపూ కిడ్నీలూ పాడవుతాయి. మూడు నెలలు దాటి ఇంకా బిగుతూ వాపూ ఉంటే కీళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఆ క్యాలెండర్ కాగితం చించి పర్సులో పెట్టుకెళ్ళు. “ఎలా ఉందమ్మా?” అనగానే నోరు విప్పక ముందే అది ఆయన చేతిలో పెట్టు.